నిదానమే ప్రధానం – పెద్దల విదేశయాత్రలపై ఒక ఖండన



చాలా రోజుల తరువాత మళ్ళీ వ్రాస్తున్నాను. ఈసారి విషయం ఛందస్సూ కాదు, వ్యాకరణమూ కాదు. కొంచెం కోపంతో వ్రాస్తున్న వ్యాసమిది. ఎక్కడైనా మాట పరుషంగా తోస్తే వయస్సును చూసి మన్నించగలరు. వాదంలో తప్పుంటే మాత్రం మన్నించవద్దు, ఎత్తి చూపండి.

మొన్న ఉదయం నడకలో ఒక విశ్రాంత అధికారి కలిశారు. ముఖం వెలిగిపోతోంది. "మాస్టారూ! మా అబ్బాయి మా ఇద్దరికీ యూరపు టికెట్లు కొన్నాడండీ. పన్నెండు రోజులు, తొమ్మిది దేశాలు! మీరు అప్పుడెప్పుడో ఇటలీ వెళ్ళి పదకొండు రాత్రులుండి అయిదంటే అయిదు ఊళ్ళే చూసి వచ్చారట గదా, పాపం!" అన్నారు.

ఆ 'పాపం' అన్న మాట దగ్గర నాకు కోపం వచ్చింది. ఆయనమీద కాదు. ఆయన చేత ఆ మాట అనిపించిన లెక్క మీద. ఎందుకంటే ఆ తొమ్మిది దేశాల యాత్ర నేనూ చేశాను. చేసి, సిగ్గుపడి, రెండేళ్ళకు ఆ అయిదూళ్ళ యాత్ర చేశాను. రెండూ ఎరిగినవాణ్ణి గనుక నోరు విప్పే అర్హత నాకున్నదనుకొంటాను.

మొదట నా తప్పు చెప్పి తరువాత ఇతరుల తప్పులు చెబుతాను.

2017లో పదవీ విరమణ చేశాను. విదేశంలో ఉన్న మా అబ్బాయి "నాన్నగారూ, మీరూ అమ్మా ఒక్కసారైనా యూరపు చూడాలి" అని ఒక సంస్థకు డబ్బు కట్టాడు. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. దానిలాంటివి వీధికొకటి ఉన్నాయి, కార్యక్రమాలన్నీ ఒక్క అచ్చులో పోసినట్లే ఉంటాయి. నలభై అయిదు మందిమి, ఒక బస్సు. తెల్లవారుజామున అయిదున్నరకు ఫోను మ్రోగుతుంది, ఆరున్నరకు పెట్టెలు గది బయట పెట్టాలి, ఏడున్నరకు బస్సు కదలాలి. ఆలస్యంగా వచ్చినవారి మీద అందరి కళ్ళూ పడతాయి. ఆ చూపు భరించలేక పెద్దవాళ్ళు మంచినీళ్ళు త్రాగడం మానేస్తారు. నీళ్ళు త్రాగితే దారిలో బస్సు ఆపమని అడగవలసి వస్తుంది గదా! ఇది అతిశయోక్తి కాదు. మా బస్సులో కనీసం నలుగురు స్త్రీలు ఈ మాట మా ఇంటావిడతో చెప్పారు.

ఫ్లారెన్సు చేరిన రోజున బస్సును ఊరి వెలుపల నిలిపారు. పాత నగరాల్లోకి పెద్ద బస్సులను రానివ్వరు, అది మంచి నియమమే. "ఇక్కడి నుండి వేగంగా నడవాలి, రెండు గంటల్లో తిరిగి రావాలి. మోకాళ్ళ నొప్పులున్నవారు ఇక్కడే విశ్రాంతి తీసుకొంటే అందరికీ మంచిది" అన్నాడు నాయకుడు. మా ఆవిడ మోకాళ్ళు అంతంత మాత్రం. ఆమె, మరో ఇద్దరు ఆడవాళ్ళు ఒక బల్ల మీద కూర్చున్నారు. నేను వెళ్ళాను.

అవును, నేను వెళ్ళాను. డబ్బు కట్టాం గదా అనుకొన్నాను. బ్రునెలెస్కి గుమ్మటాన్ని బయటి నుండి చూశాను, జనం తలల మీదుగా రెండు ఫొటోలు తీశాను, పరుగుపరుగున తిరిగి వచ్చాను. ఆవిడ అదే బల్ల మీద ఉన్నది. ఎదురుగా బస్సులు, ఒక గోడ, నాణెం వేస్తే నీళ్ళసీసా ఇచ్చే యంత్రం. ఆవిడ చూసిన ఫ్లారెన్సు అది. "బాగుందాండీ?" అని అడిగింది. ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపేమీ లేదు. అందుకే ఇంతకాలమైనా అది నన్ను వదలలేదు.

ఇక వాదంలోకి వస్తాను.

'పర్యటన' అన్న మాట మనం రోజూ వాడతాం. పరి + అటన, యణాదేశ సంధి. అటన అంటే తిరగడం, 'పరి' అన్న ఉపసర్గ అంతటా, చుట్టూ అనే అర్థాలనిస్తుంది. ఒక చోటును నలువైపుల నుండీ చూసినప్పుడే అది పర్యటన అవుతుంది. ఈ సంస్థలు ఉపసర్గను తీసివేసి ఉత్త అటనను అమ్ముతున్నాయి. వారి కరపత్రాల్లోని భాషను ఒక్కసారి గమనించండి. 'ఫొటోస్టాప్' అంటే దిగి, ఫొటో తీసుకొని, ఎక్కడం. 'డ్రైవ్ పాస్ట్' అంటే దిగకుండా బస్సులో నుండే చూడడం. రెండూ కరపత్రంలో 'చూసినవాటి' జాబితాలోకే వస్తాయి. పుస్తకం అట్టను చూసినవాడు పుస్తకం చదివానంటే ఏ ఉపాధ్యాయుడైనా ఒప్పుకొంటాడా?

ఇది ఎవరి దుర్బుద్ధి వల్లనో జరుగుతున్నది కాదు, కేవలం భాగహారం. బస్సు అద్దెను నలభై అయిదుతో భాగించినప్పుడే తలసరి ధర కరపత్రంలో ఆకర్షణీయంగా కనిపిస్తుంది. ఊరి నడుమ హోటళ్ళు ప్రియం గనుక రహదారి పక్కన ఊరికి దూరంగా బస. అక్కడి నుండి రావడానికీ పోవడానికీ మళ్ళీ బస్సు. దారిలో ఒక తోలుసంచుల దుకాణం, ఒక గాజుబొమ్మల దుకాణం. మాకు ఒక దేవాలయానికి ఇచ్చిన వ్యవధి కన్న ఒక దుకాణానికి ఇచ్చిన వ్యవధి ఎక్కువ. మా యాత్రలో రోజుకు ఆరు గంటలకు తక్కువ కాకుండా బస్సులోనే కూర్చున్నాం. పన్నెండు రోజులకు 72 గంటలు. అంటే మూడు పగళ్ళూ మూడు రాత్రులూ నిండుగా బస్సులోనే గడిచాయి. ఐరోపా సమాజ నిబంధనల ప్రకారం బస్సు చోదకుడు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విరామం తప్పనిసరి. చోదకుడి అలసటకు చట్టం ఉంది. వెనుక కూర్చున్న అరవై అయిదేళ్ళ మోకాలికి ఏ చట్టమూ లేదు.

ఇప్పుడు రెండో యాత్ర సంగతి. 2019 సెప్టెంబరులో వెళ్ళాం. తొమ్మిది మంది ప్రయాణికులు, అందరూ అరవై దాటినవారే. దారి చూపినావిడ కళాచరిత్ర బోధించి విరమించిన ఇటలీ ఉపాధ్యాయిని. నాలుగు రాత్రులు ఓర్వియెతోలో, నాలుగు సియెనలో, మూడు అస్సీసిలో. నడుమ ఒక పగలు చివితా ది బాఞ్ఞొరేజోకు, ఒక పగలు పియెంజాకు. అంతే. ఇవన్నీ కొండల మీద కట్టిన ఊళ్ళు, గిరిపురాలు అందాం.

ఓర్వియెతో అగ్నిపర్వత శిల గడ్డకట్టిన ఒక పెద్ద దిమ్మె మీద ఉంటుంది. కొండ క్రింద రైలు స్టేషను. అక్కడి నుండి పైకి తాళ్ళతో లాగే రైలుబండి ఉంది. 1888లో మొదలైంది, నడుమ మూతపడి 1990లో మళ్ళీ నడుస్తోంది. అది ఎక్కి దిగిన చోటనే 'సన్ పత్రీజియో' బావి. 1527లో రోము నగరాన్ని సైనికులు కొల్లగొట్టినప్పుడు ఏడవ క్లెమెంట్ పోపు ఈ కొండకు పారిపోయి వచ్చాడు. ముట్టడి వస్తే నీళ్ళెట్లా అన్న భయంతో ఈ బావి త్రవ్వించాడు. అది పూర్తి అయ్యేసరికి 1537, ఆయన అప్పటికే గతించాడు. సుమారు 53 మీటర్ల లోతు. దాని గొప్పతనం లోతులో లేదు. ఒకదానినొకటి పెనవేసుకొన్నట్లు రెండు మెట్లదారులు, ఒక్కొక్కదానికి 248 మెట్లు. దిగే కంచరగాడిదలు ఒక దారిని, నీళ్ళు మోసుకొని ఎక్కేవి మరొక దారిని. ఎక్కడా ఒకదానికొకటి ఎదురుపడవు.

మా ఆవిడ దిగలేదు. ఈసారి నేనూ దిగలేదు. పైన గట్టు మీద కూర్చొని, దిగినవారు వచ్చి చెబితే విన్నాం. మార్గదర్శిని ఒక కాగితం మీద ఆ రెండు దారులూ గీసి చూపింది. 'చూడలేకపోయాం' అన్న బాధ లేదు. మమ్మల్ని వదిలి ఎవరూ వెళ్ళిపోలేదు, ఎవరి కోసమూ మేము పరుగెత్తలేదు. చిన్న బృందానికీ పెద్ద బృందానికీ గల అసలైన తేడా ఇదే. నలభై అయిదు మందిలో ఒకరు కూర్చుంటే అది అంతరాయం, తొమ్మిది మందిలో ఒకరు కూర్చుంటే అది విశ్రాంతి.

సియెనలో నగరసభా భవనం ఉంది. అందులో తొమ్మిది మంది పాలకులు సమావేశమైన గదిలో అంబ్రోజో లోరెంజెత్తి 1338–39లో మూడు గోడల నిండా చిత్రాలు వ్రాశాడు. సుపరిపాలన ఉంటే ఊరు ఎట్లా ఉంటుంది, దుష్పరిపాలన ఉంటే ఎట్లా ఉంటుంది అన్నది విషయం. పాలకులు తల ఎత్తితే చాలు, తాము చేయవలసినదీ చేయకూడనిదీ రెండూ గోడల మీద కనిపించాలి. మార్గదర్శిని మమ్మల్ని గదిలో నిలిపి "ముందు మీరు చూడండి, తరువాత నేను చెబుతాను" అని మౌనంగా ఒక ప్రక్క నిలబడింది. పాఠం చెప్పే పద్ధతి తెలిసిన మనిషి.

నేను గోడంతా ఒక్కసారి చూసి, తేదీలు గుర్తు చేసుకొంటూ ఉన్నాను. మా ఆవిడ గోడ దగ్గర ఒక్కొక్క ఇంటినీ విడివిడిగా చూస్తోంది. "ఏమండీ, ఆ మేడ ఇంకా కడుతూనే ఉన్నారు చూడండి, పైన తాపీవాళ్ళు" అన్నది. తరువాత "అడుగో, పందిని తోలుకొని ఊళ్ళోకి వస్తున్నాడు" అన్నది. కాసేపటికి నా చేయి పట్టుకొని లాగి "మీవాడు కూడా ఉన్నాడండీ ఇక్కడ!" అన్నది. చూస్తే నాట్యం చేసేవారికి అవతల, చెప్పుల దుకాణం ప్రక్కన, ఎత్తైన పీట మీద కూర్చొని పాఠం చెబుతున్న ఒక ఉపాధ్యాయుడు! ఎదుట వింటున్న శిష్యులు!

ముప్ఫై అయిదేళ్ళు బడిలో పనిచేసిన నేను, సుపరిపాలన ఉన్న ఊరిలో ఉపాధ్యాయుడికి ఇంత చోటు ఇచ్చిన ఆ చిత్రకారుణ్ణి తలచుకొని నిలబడిపోయాను. ఆ చిత్రం పూర్తయిన పదేళ్ళ లోపే, 1348లో, మహామారి ఆ నగరాన్ని ఊడ్చివేసింది. లోరెంజెత్తి కూడా అందులోనే పోయి ఉంటాడని చరిత్రకారుల అభిప్రాయం. 1339లో ప్రపంచంలోకెల్లా పెద్దదిగా కట్టాలని మొదలుపెట్టిన కొత్త దేవాలయం అర్ధాంతరంగా ఆగిపోయింది. దాని మొండి గోడ నేటికీ నిలిచి ఉంది. ఆ సాయంత్రం ఆ గోడ నీడలో కూర్చొని, పొద్దున చిత్రంలో మేడ కడుతున్న తాపీవాళ్ళను తలచుకొన్నాం. ఇంత ఆలోచనకు రెండు గంటల వ్యవధి చాలదు. సియెనకు బస్సు యాత్రలు ఇచ్చే వ్యవధి మాత్రం ఇంచుమించు అంతే.

నాలుగేళ్ళ తరగతి పాఠాలు చెప్పినా రానిది ఆ నాలుగు రోజుల్లో మరొకటి తెలిసింది. ఇటలీ భాష మనదానివలెనే అజంతం. 15వ శతాబ్దంలో విజయనగరం చూసిన నికొలో కోంతి అనే వెనీసు యాత్రికుడు తెలుగును తూర్పుదేశపు ఇటాలియన్ అన్నాడని తరతరాలుగా చెప్పుకొంటున్నాం. ఆయన నిజంగా అన్నాడా లేదా అన్న చర్చను పండితులకు వదిలేద్దాం. ఓర్వియెతోలో రొట్టెల దుకాణం ముందు నాలుగు ఉదయాలు నిలబడితే ఆ మాటలో నిజమెంతో మన చెవికే తెలుస్తుంది. అచ్చుతో ముగియడమే కాదు, ద్విత్వానికి కూడా ఆ భాషలో అర్థభేదం ఉంది. మనకు 'కల', 'కల్ల' వేరైనట్లే వారికి 'పెన' అంటే బాధ, 'పెన్న' అంటే కలం. రొట్టెలమ్మే ఆమె మా ఆవిడ మెట్లు దిగుతుంటే రోజూ "పియానో, పియానో" అనేది. మెల్లగా, మెల్లగా అని. వారికొక సామెత ఉందట: "కి వా పియానో, వా సానో ఎ వా లొంతానో." మెల్లగా వెళ్ళేవాడు క్షేమంగా వెళతాడు, దూరమూ వెళతాడు. మన 'నిదానమే ప్రధానం' తోబుట్టువు కాదూ!

ఇక పూర్వపక్షాలు.

మొదటిది: "ఖర్చు పెట్టాం గనుక ఎక్కువ చూడాలి." ఈ వాదం వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని 'చూడడం' అన్న పదాన్ని ఎంత పలుచన చేస్తే ఈ లెక్క సరిపోతుందో ఆలోచించండి. విద్యార్థి పరీక్షకు ముందు రాత్రి పదకొండు పాఠాలు తిరగవేస్తాడు, మరునాడు సాయంత్రానికి ఒక్కటీ మిగలదు. మా మొదటి యాత్ర ఫొటోలు తీసి చూస్తే ఏ వంతెన ఏ ఊరిదో మాకే తెలియదు. అబ్బాయికి ఫోనులో పంపితే వాడు చెప్పాడు.

రెండవది: "కొండమీది ఊళ్ళు ముసలివాళ్ళకు తగునా?" ఇది న్యాయమైన ప్రశ్న, దాటవేయను. ఆ వీధులు రాళ్ళు పరచినవి, వానకు జారుతాయి. మెట్లు తప్పవు. పాత హోటళ్ళలో లిఫ్టు లేకపోవచ్చు. మెట్లు అసలే ఎక్కలేనివారు ముందుగా ఒక్కొక్క మజిలీకి ఎన్ని మెట్లో అడిగి తెలుసుకొని గాని వెళ్ళరాదు. సమాధానం చెప్పలేని నిర్వాహకుడికి డబ్బు కట్టరాదు. కాని ఒక సంగతి. ఆ ఊళ్ళలో ముసలివాళ్ళే ఎక్కువగా నివసిస్తున్నారు. వారి కోసం ఊళ్ళు దారులు వెదికాయి. ఓర్వియెతో రైలుబండి సరే, పెరూజాలో 16వ శతాబ్దపు కోట గర్భంలో నుండి 1983 నుండీ కదిలే మెట్లు నడుస్తున్నాయి. మోకాలిని బాధించేది కొండ కంటె తొందర. విశ్రాంతి తీసుకొంటూ ఎక్కిన నూరు మెట్ల కన్న, పరుగున ఎక్కిన ఇరవై ప్రమాదం.

మూడవది: "ఈ వయస్సులో కాశీ, రామేశ్వరం చాలవా? పరాయి దేశపు రాళ్ళెందుకు?" కాశీకి మేమూ వెళ్ళాం, మళ్ళీ వెళతాం. ఒకటి చూస్తే మరొకటి చూడరాదన్న నిషేధం ఏ స్మృతిలోనూ నేను చదవలేదు. పైగా కాశీయాత్ర పేరు ఎత్తేవారు ఏనుగుల వీరాస్వామయ్యగారిని తలచుకోవాలి. 1830 మే 18న చెన్నపట్టణంలో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. పదిహేను నెలలు దాటింది. వెళ్ళిన ప్రతి మజిలీలోనూ నీళ్ళెట్లా ఉన్నాయి, దారి ఎట్లా ఉంది, అక్కడి జనం ఎట్లా జీవిస్తున్నారు అని విచారించి మిత్రుడికి వ్రాస్తూ వచ్చారు. అందుకే ఆ 'కాశీయాత్ర చరిత్ర' నేటికీ మనకు నిలిచింది. ఆయన తొమ్మిది క్షేత్రాలకు ఫొటోస్టాప్ చేసి ఉంటే మనకు మిగిలేది ఏమిటి? నిదానంగా చూడడం పాశ్చాత్యుల నుండి అరువు తెచ్చుకొన్న విద్య కాదు. మనదే. మనమే మరచిపోయాం.

అస్సీసిలో మూడు రోజులు ఉన్నాం. 1997 సెప్టెంబరు 26న భూకంపంలో అక్కడి సన్ ఫ్రాంచెస్కో దేవాలయపు పైకప్పు కొంత కూలి నలుగురు చనిపోయారు. వారిలో ఇద్దరు సన్యాసులు. నేలరాలిన చిత్రాల ముక్కలను వేలకు వేలు ఏరి, పేర్చి, అతికి, రెండేళ్ళలో దేవాలయాన్ని తిరిగి తెరిచారు. అతకడానికి వీలుకాని చోట ఖాళీగా వదిలేశారు. బీదరికాన్ని వరించి, పక్షులను సోదరులని పిలిచిన ఆ సాధువు సమాధి ముందు నేను మా ఊరి గుడిలో కూర్చున్నట్లే కూర్చున్నాను. నా ధర్మానికి ఏమీ లోటు రాలేదు.

నాలుగవది, అన్నిటికంటె బలమైనది: "ఇది ధనికుల విలాసం." దీనికి నా దగ్గర సంపూర్ణమైన సమాధానం లేదు. నలభై అయిదుతో భాగించవలసినదాన్ని తొమ్మిదితో భాగిస్తే ధర పెరగక తప్పదు. మా రెండో యాత్రకు నా పింఛను డబ్బులో పెద్ద భాగమే పోయింది. ఆ తరువాత మరో విదేశానికి వెళ్ళలేదు, బహుశా వెళ్ళలేము కూడా. 'చిన్న బృందం' పేరిట ద్రాక్షసారాయి రుచులు చూపడం, పుట్టగొడుగుల వేటకు తీసుకువెళ్ళడం వంటివి కలిపి మరింత పిండుకొనే నిర్వాహకులూ ఉన్నారు. వాటిని నేను సమర్థించను. శాకాహారులకు ఆ భాగం ఎట్లాగూ దండగ. అక్కడి రొట్టెలో ఉప్పు ఉండదు, అది వారి ఆచారం. మా ఆవిడ దానికి ఆవకాయ అద్ది ఆ లోటు తీర్చింది. దానికి ఎవరూ డబ్బు అడగలేదు.

కాని నిదానం కొనుక్కొనే వస్తువని నేను అనడం లేదు. అదే డబ్బుకు తొమ్మిది దేశాల బదులు ఒకే దేశం, రెండే ఊళ్ళు, రైలు, ఊరి నడుమ ఒక చిన్న గది పెట్టుకోవచ్చు. అదీ వీలుకాకపోతే కొండవీడు ఉంది, భువనగిరి ఉంది, ఉదయగిరి ఉంది. మన గిరిదుర్గాలకు కూడా మనవాళ్ళు ఉదయం వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి తిరిగి వచ్చేస్తున్నారు. నా వాదం ఇటలీని గూర్చి మాత్రమే కాదు, కంటిని గూర్చి.

ఇంకొక పక్షం ఉంది, దాన్ని ఎవరూ మాట్లాడరు. ఆ ఊళ్ళ పక్షం. చివితా ది బాఞ్ఞొరేజో మట్టి కొండ అంచులు ఏటేటా జారిపోతున్న ఊరు. ఒక్క కాలివంతెన తప్ప దారి లేదు. స్థిరంగా ఉండేవారు పదిమందికి అటూ ఇటూ. చూడవచ్చేవారు లక్షల్లో. తాకిడికి తట్టుకోలేక 2013 నుండి ఊళ్ళోకి రావడానికే రుసుము పెట్టారు. వెనీసు కూడా 2024లో కొన్ని రోజులకు పగటి సందర్శకుల మీద రుసుము మొదలుపెట్టింది. పగలు వచ్చి, ఫొటో తీసుకొని, చెత్త మిగిల్చి సాయంత్రానికి పోయేవాడి వల్ల ఊరికి ఒరిగేదేమిటి? నాలుగు రాత్రులున్నవాడు రొట్టె కొంటాడు, మందులు కొంటాడు, చెప్పు తెగితే కుట్టించుకొంటాడు, సాయంత్రం ఊరివారితో పాటు వీధిలో పచారు చేస్తాడు. 1999లో ఓర్వియెతోతో సహా నాలుగు ఇటలీ ఊళ్ళు కలిసి 'చిత్తాస్లో' అనే సంఘం పెట్టుకొన్నాయి. 'నెమ్మది ఊరు' అని అర్థం. యాభై వేలకు మించని జనాభా గల ఊళ్ళకే అందులో సభ్యత్వం. దాని గుర్తు వీపు మీద ఊరిని మోస్తున్న నత్త. ఊరే నత్తను గుర్తుగా పెట్టుకొని కూర్చుంటే మనం గుర్రం మీద వచ్చి గుర్రం మీద పోతున్నాం.

ఆ ఊళ్ళలో మధ్యాహ్నం ఒంటిగంట వేళకు దేవాలయాలూ దుకాణాలూ చాలావరకు మూసేస్తారు, మళ్ళీ మూడు, నాలుగు గంటలకు గాని తెరవరు. ఎందరు యాత్రికులు ఆ మూసిన తలుపుల ముందు నిలబడి "ఇంతదూరం వచ్చాం, ఇదేం దేశం!" అని తిట్టుకోవడం చూశానో! మేమూ ఆ వేళకు ఊరివారివలెనే గదికి వెళ్ళి పడుకొన్నాం. ఆ తలుపు మన కోసం తెరిచి ఉండాలనుకోవడం అతిథి లక్షణం కాదు.

చివరిగా ఒక్క మాట, విదేశాల్లో ఉన్న మన పిల్లలకు. మీలో చాలామంది ఇది చదువుతారని తెలుసు.

నాయనలారా, అమ్మలారా! మీ ప్రేమను శంకించడం లేదు. కాని తల్లిదండ్రులకు టికెట్టు కొనేముందు ఒక్క ప్రశ్న అడగండి. "ఎన్ని దేశాలు చూస్తారు?" అని కాదు, "అమ్మా, ఒకే చోట ఎంతసేపు కూర్చోవాలని ఉంది?" అని. వారికి నడవగలిగిన ఏళ్ళు లెక్కకే ఉన్నాయి. ఆ ఏళ్ళను ఎవరో నలభై అయిదు మందితో భాగించనివ్వకండి. జాబితాలో దేశాలు తగ్గితే మీ ప్రేమ తగ్గినట్లు వారెవరూ అనుకోరు. "మావాడు తొమ్మిది దేశాలు చూపించాడు" అని ఇరుగుపొరుగుతో చెప్పుకొనే ముచ్చట కొన్నాళ్ళే. బస్సుల దగ్గర బల్ల మీద కూర్చున్న రెండు గంటలు మాత్రం చాలాకాలం ఉంటాయి.

ఆ విశ్రాంత అధికారిగారికి ఈ సంగతులన్నీ నిన్న ఉదయం నడకలో చెప్పాను. ఆయన విని, "డబ్బు కట్టేశాం గదా మాస్టారూ" అన్నారు. నిజమే. నేనూ 2017లో సరిగ్గా ఆ మాటే అనుకొని ఫ్లారెన్సులోకి నడిచాను. అందుకని ఒక్కటే చెప్పాను: "ఎక్కడైనా అమ్మగారు కూర్చుండిపోతే, మీరూ ప్రక్కనే కూర్చోండి. గుమ్మటం ఎక్కడికీ పోదు." ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "సరేనండీ" అన్నారు.

విభేదించేవారు నిస్సంకోచంగా వ్యాఖ్య వ్రాయండి. తొమ్మిది దేశాల యాత్రలో నిజంగా ఆనందించినవారుంటే ఇంకా తప్పక వ్రాయండి, వినడానికి సిద్ధంగా ఉన్నాను.

స్వస్తి.